మోచేతి దగ్గర ఎర్ర క్లిప్పు

మందుల ఫ్యాక్టరీలో మాత్రలకు పూత వేసే ఆమెను మా వీధిలో అందరూ పూతక్క అంటారు. అసలు పేరు అడిగితే ఆమే ఒక క్షణం ఆలోచించి చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. పొద్దున బయల్దేరే ముందు గుమ్మంలో కళ్ళు మూసుకుని, "నా చేతిమీదుగా ఎవరికీ చెడు జరగనీయకు తండ్రీ" అనుకుని గానీ చెప్పుల్లో కాలు పెట్టదు.

మొదట్లో ఆమె పని గంగాళంలాంటి గుండ్రటి పాన్ మీద. మాత్రలన్నీ అందులోనే దొర్లుతుంటాయి. పూత చల్లే గన్‌ ఒకటి మొరాయించినా, చివర్లో పది నిమిషాలు ఎక్కువ చల్లితే సరిపోయేది. రెండేళ్ళ కిందట పొడవాటి డ్రమ్ము వచ్చింది. ఒక కొసన మాత్రలు పడుతూనే ఉంటాయి, దొర్లుకుంటూ పదహారు గన్‌ల కిందుగా సాగి, రెండో కొసన పూతతో బయటికి వస్తూనే ఉంటాయి. దానికి ఆగడం లేదు. తక్కువైన పూతను తర్వాత సర్దే వీలూ లేదు.

అప్పుడు నడుస్తున్నవి కీళ్ళనొప్పుల మాత్రలు. పూత సరిగా ఉంటే కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళాకే కరుగుతాయి. పలచబడితే కడుపులోనే విచ్చుకుని పుండు చేస్తాయి. పూతక్క అత్తగారు రోజూ మింగేవి అవే.

గన్‌ల మూతుల దగ్గర పూత ఎండి గడ్డంలా పేరుకుంటుంది. మూడు గంటలకోసారి రెండేసి గన్‌లు మూసి, వాటి అలారం ఆపి, తుడిచి తెరవాలి. మూసినప్పుడు వాటికున్న ఎర్ర క్లిప్పు తీసి తుడిచేవాళ్ళు తమ కోటు చేతికి పెట్టుకుంటారు. తెరిచాక మళ్ళీ గన్‌కే పెట్టేస్తారు. పదహారూ అయ్యాక పుస్తకంలో సంతకం. అయితే తుడిచిన చేతొడుగులతో పట్టుకుంటే పుస్తకం మరకలవుతుందని, అక్కడ అందరూ ముందే సంతకం పెట్టేసి పనిలో దిగేవారు.

ఆ రోజు పదింటికి ఆఖరి రెండు గన్‌లూ మూసి తుడుస్తుంటే, షిఫ్టు చూసే చిన్నసారు అవతలి కొస నుంచి కేకేశాడు.

"అక్కా, ఒక్కసారి ఇటు రా! ఈ లేబుల్ మిషన్ మళ్ళీ అలిగింది!"

"దాన్ని బుజ్జగించడానికి నేనే దొరికానా?" అంటూనే వెళ్ళింది. రెండే గన్‌లు, వచ్చి తెరవొచ్చులే అనుకుంది. పాన్ నాటి అలవాటు అది. లేబుల్ మిషన్ సర్దుతూ ఆ సంగతే మరిచిపోయింది.

పన్నెండున్నరకు భోజనానికి వెళ్తూ కోటు విప్పింది. మోచేతి మడతలో ఎర్ర క్లిప్పు.

పక్కనే ఉన్న జల్లెడ పని చేసే వదిన, "ముఖం అలా పాలిపోయిందేంటి? ఇలా కూర్చో" అంటూ నీళ్ళ సీసా అందించింది. పూతక్క కూర్చోలేదు. కోటు మళ్ళీ తొడుక్కుని లోపలికి పరిగెత్తి రెండు గన్‌లూ తెరిచింది. రెండున్నర గంటల మాత్రలు అప్పటికే తొమ్మిది డబ్బాల్లోకి చేరాయి. నాలుగు డబ్బాలు ప్యాకింగ్‌కి పోయే ట్రాలీ ఎక్కాయి కూడా.

చిన్నసారుకి చెబితే ఆయన గొంతు తగ్గించాడు. "మాత్రల బరువు లెక్కలోనే ఉందక్కా. నేను చూశా. పదహారూ తెరిచానని పది కాకముందే సంతకం పెట్టావు. ఇప్పుడు బయటపెడితే దొంగ సంతకం అంటారు. ఉద్యోగం పోతుంది. బావగారా నడుం పడిపోయి మంచం దిగట్లేదు. ఇల్లెలా గడుస్తుంది?"

అతను భయపెట్టడానికి అనలేదు. ఆమె మీద జాలితోనే అన్నాడు. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది. ట్రాలీ చక్రాలు కిర్రుమని కదిలాయి. రాత్రి అన్నం తిన్నాక మాత్ర మింగి, "నీ చేతి పూతేగా, నాకేం కాదు" అని నవ్వే అత్తగారు కళ్ళ ముందుకొచ్చింది.

పరిగెత్తి ట్రాలీ పిడి పట్టుకుంది. "బాబాయ్, ఆగు!"

"ఏంటమ్మా, నువ్వూ ఎక్కుతావా?" అని నవ్వబోయిన ట్రాలీ తోసే బాబాయి, ఆమె పిడి వదలకపోవడం చూసి నవ్వు మానేశాడు. బ్రేకు వేసి, "నువ్వొచ్చేదాకా కదలదులే, వెళ్ళిరా" అన్నాడు.

నాణ్యత చూసే మేడంని వెనకాల అందరూ భూతద్దం అంటారు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. "సంతకం ఎప్పుడు పెట్టారు?"

"తుడవకముందేనండి."

"ఈ ఒక్కరోజేనా?"

"నేను... రోజూ అంతేనండి."

ఆవిడ తొమ్మిది డబ్బాల నుంచీ మాత్రలు తీయించి, కడుపులో ఉండేలాంటి ఆమ్లంలో వేయించింది. గాజు గొట్టాలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. రెండు గంటలు అలా ఊగినా ఒక్క మాత్రా విచ్చుకోకూడదు. మేడం తన స్టూలు పూతక్క వైపు జరిపి, తాను నిలబడే ఉంది. పూతక్క మనసులో దేవుణ్ణి తలుచుకోబోయింది, కానీ ఏం కోరాలో తోచలేదు. మాత్రలు నిలిస్తే తన తప్పు చిన్నదవుతుంది. తప్పు ఒప్పుకుని వచ్చాక అంత ఆశ పడటానికి కూడా భయమేసింది.

గంటా నలభై నిమిషాలకు ఐదో డబ్బా మాత్ర అంచున సన్నగా చీలి, తెల్లటి పొడి పొగలా దిగింది.

మేడం తొమ్మిది డబ్బాలకూ పనికిరావని ఎర్ర కాగితం అంటించింది. గుమ్మం దగ్గర అంతసేపూ నిలబడ్డ చిన్నసారు లోపలికి వచ్చి, "మేడం, ముందు సంతకం అందరం పెడతాం. నేనూ పెడతాను" అన్నాడు.

ఉద్యోగం పోలేదు. మూడు నెలలు మిషన్ నుంచి తప్పించి గన్‌లు కడిగే గదిలో వేశారు. తొమ్మిది డబ్బాలూ బయటికి పోకుండా నాశనం చేశారు. సంతకాల పుస్తకాన్ని మొదటి గన్ దగ్గర నుంచి తీసి, పదహారో గన్ అవతల గోడకు బిగించారు. పక్కనే పొడి చేతొడుగుల పెట్టె పెట్టారు. ఇప్పుడు పదహారూ దాటితే గానీ కలం చేతికి రాదు.

పూతక్క మళ్ళీ డ్రమ్ము దగ్గరికి వచ్చి ఏడాదైంది. ఇంటికి వచ్చాక కూడా, అత్తగారికి మాత్ర చేతికిచ్చే ముందు తన రెండు మోచేతులూ తడుముకుంటుంది. ఆ తడమడం అయ్యేదాకా అత్తగారు నీళ్ళ గ్లాసు పట్టుకుని ఓపిగ్గా కూర్చుంటారు.