పుట్టని ఓడ ఎక్కిన పెదనాన్న

బతికున్న మా పెదనాన్నను కాబోయే వియ్యాలవారి ముందు అబద్ధాలకోరు అన్నాను. ఊరికే కాదు, కాగితాలు పరిచి, రుజువు చేసి మరీ అన్నాను.

నలభై ఏళ్ళ కిందటి మాట. బడి చదువు ఏడో క్లాసుతో ఆగినా, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలతో నన్ను నేనే పండితుణ్ణి చేసుకున్నాను. ఉర్దూ కూడా అక్కడే, చిరిగిన వాచకంతో. పెదనాన్న నిజాం ఫౌజులో ఉండి, పెద్ద యుద్ధానికి, అదే రెండో ప్రపంచ యుద్ధానికి, ఓడలో వెళ్ళొచ్చిన మనిషి. ఆ ఓడ చరిత్ర రాయాలని నాకు పూనకం వచ్చింది. రెండేళ్ళు వెతికాను. ఒక ఆదివారం పాత ఓడల పుస్తకంలో దాని బొమ్మే కనబడింది! ఎక్కడ కట్టారు, ఏ ఏట నీళ్ళలోకి దింపారు, దొరల షోకు ఓడకు బూడిదరంగు పూసి సిపాయిలను ఎలా కుక్కారు, అన్నీ! గుండె ఇంజను గదిలా దడదడలాడింది. నాంపల్లిలో పెదనాన్న ఇంటికి పరుగెత్తి, ఆయన ఫౌజు కాగితం తెచ్చుకుని, అందులో ఉర్దూలో రాసిన, ఓడెక్కిన సంవత్సరాన్ని ముస్లింల హిజ్రీ లెక్కన ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చాను.

తేలిందేమిటి? ఆయన ఓడెక్కిన నాటికి ఓడే పుట్టలేదు. ఆ మాటకొస్తే యుద్ధమూ పుట్టలేదు. అప్పుడైనా నా లెక్కను అనుమానించాలా? ఛ, పండితుణ్ణి కదా! పెదనాన్నను అనుమానించాను.

మర్నాడు వెళ్ళేసరికి ఆయన, మనవరాలి సంబంధం వాళ్ళకు ఓడ ముచ్చట చెబుతున్నాడు.

"ఆగు పెదనాన్నా! ఆ ఓడ నువ్వెక్కలే."

"ఏందిరా?"

"పోతే సముద్రం మీద నడుసుకుంట పోయుంటవ్. గప్పటికి ఓడే కట్టలే. గిదో బుక్కు, గిదో నీ కాగితం!"

వియ్యపురాలు చాయ్ కప్పు కింద పెట్టింది. "గిన్నేండ్ల సంది అందరికీ గిట్లనే చెప్తున్నరా అన్నా?"

పెదనాన్న లేచి లోపలికి పోయాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారు. నేను ఓడ దొరికేదాకా ఆయనను మల్లన్నను చేసి, దొరకగానే బోడి చేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఆ పుస్తకం అమ్మిన చాచాకే నా ఘనకార్యం చెప్పుకున్నాను. ఆయన కాగితం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అరె భాయ్, గిది హిజ్రీ గాదు. నిజాం సర్కారు ఫస్లీ సాలు, పంటల శిస్తు లెక్క! పదేండ్లు ఎనకకు గుంజినవ్ పెద్దమనిషిని."

చూశారా అన్యాయం! ఒకే ఊళ్ళో ఇన్ని కేలండర్లు నడిపిన వాళ్ళది తప్పు గాదట, నాదట! అయినా వియ్యాలవారి గుమ్మంలో లెంపలేసుకుని లెక్క ఒప్పజెప్పాను. వాళ్ళు పడీపడీ నవ్వి ముహూర్తం పెట్టుకున్నారు. పెదనాన్న మాత్రం పలకలేదు. నేనుండే లక్డీకాపూల్ నుంచి నాంపల్లికి, నడిచిపోయే దూరానికి, ఆరు ఉత్తరాలు రాశాను. ఎన్ని ఓడల చరిత్రలైనా తవ్వుతాను గానీ, ఎక్కినవాణ్ణి అడగకుండా ఇక నోరు విప్పనని అగ్నిసాక్షిగా, అంటే కిరసనాయిలు స్టౌ సాక్షిగా, ఒట్టేశాను.

ఆఖరికి ఒక కార్డు వచ్చింది:

"బిడ్డా, లెక్క తెల్వకుంటే తెల్వకపాయె. గీ మాత్రం అక్కల్ లేదా? అబద్ధమే ఆడేటోడినైతే తోపులు, ఫిరంగులు పేల్చిన అని చెప్పకపోదునా? ఓడల నెల దినాలు ఉల్లిగడ్డలు కోసిన అని చెప్పుకుందునారా?"