హెడ్డింగు లేని కార్డు

ఆఫీసులో ఆమెను అందరూ చీపురక్క అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె కోప్పడదు. ఆసుపత్రులకు మందుల పుస్తకాలు, డోసు కార్డులు తయారుచేసే చిన్న సంస్థ అది. ఎడిటర్లు నానా చెత్తా కలిపి పంపిన ఫైళ్లను కడిగి, ఎక్స్‌ఎంఎల్‌గా కట్టి, అంటే యంత్రం చదివేలా పాఠానికి ట్యాగులనే గుర్తులు తగిలించి, ప్రెస్సుకు ఎగుమతి చేయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే కుర్చీ. కుర్చీకి ఒక చక్రం ఊడిపోయినా కూర్చునే ఒడుపు ఆమెకు తెలుసు. శుభ్రం గొప్ప గుణమని చిన్నప్పటి నుంచి అందరికీ నూరిపోస్తారు. ఏది చెత్తో ఎవరు తేల్చాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అలాంటి ఫైల్లో చదివేవాళ్ల కోసం రాసిన పాఠం ఉంటుంది. ఎడిటర్లు తమలో తాము గిలుక్కున్న వ్యాఖ్యలుంటాయి. ఇవిగాక, రెండు ప్రశ్నార్థకాల మధ్య ఇరుక్కుని కొన్ని పొట్టి పంక్తులుంటాయి. అవి మనుషులకు కాదు, అవతల ఫైలు అందుకునే యంత్రానికి: ఇక్కడ పేజీ విరువు, ఈ హెడ్డింగు మళ్లీ వెయ్యి. వాటి అసలు పేరు ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్లు. ఆ ఆఫీసులో మాత్రం యంత్రం చీటీలు. అచ్చులో కనబడవు. వాటి విషయంలో పాటించాల్సిన మర్యాద ఒక్కటే: నీకు రాసింది కాకపోతే, ముట్టుకోకుండా అవతలివాడికి అందించాలి.

ఆ మర్యాద తప్పడానికి ఒక గొడవ కారణం. "ఈ డాక్టరుగారికి కూడికలు రావు" అని ఒక ఎడిటరు రాసుకున్న వ్యాఖ్య క్రితం నెలలో ఫైలుతోపాటు తిన్నగా ఆ డాక్టరు దగ్గరికే పోయింది. మేనేజరు శివాలెత్తాడు. పాఠం తప్ప ఇంకో అక్షరం బయటికి పోకూడదన్నాడు. చీపురక్క ఎగుమతి ప్రోగ్రామును తిరగరాసింది. పాత ఫైల్లోంచి పాఠాన్ని, దాని ట్యాగులను మాత్రమే తీసుకుని కొత్త ఫైలు కడుతుంది, మిగతాదంతా వదిలేస్తుంది. వ్యాఖ్యలు పోయాయి. వాటితోపాటే చీటీలూ పోయాయి. పరీక్షించి చూస్తే పాఠంలో పొల్లు కూడా తేడా లేదు. ఆమె పరీక్షించింది పాఠాన్నే కదా.

మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకు వదిన ఫోన్ చేసింది. ఆమె మొగుడికి అక్క, రెండు వీధుల అవతల ఆసుపత్రిలో పిల్లల విభాగంలో నర్సు.

"ఏమే, మీ కార్డులొచ్చాయి. నిన్న సాయంత్రమే అన్ని వార్డుల్లోనూ తగిలించేశారు. తళతళలాడుతున్నాయనుకో. మా తమ్ముడు మీ పెళ్లికి కొట్టించిన కార్డుకన్నా నయం."

"మీ తమ్ముడు అందులో నా పేరే తప్పేయించాడు వదినా, దాంతో పోలికేంటి?"

"సరే గానీ, మూర్ఛ మందుకి రెండు కార్డులున్నాయా, రెండోదానికి పైన హెడ్డింగు లేదేం? ఉత్త అంకెలే ఉన్నాయి. చోటు చాల్లేదా?"

చీపురక్క ఫైలు తెరిచి ప్రశ్నార్థకం కోసం వెతికింది. ఎడిటర్లు పంపిన ఫైల్లో పద్నాలుగు చీటీలు. ప్రెస్సుకు పోయిన ఫైల్లో సున్నా.

మిగతా మందులన్నిటికీ పట్టికలో మొదటి గడి పెద్దలది, మూడోది చంటిపిల్లలది. మూర్ఛ మందు ఒక్కదానికే వరస తిరగబడి ఉంది. పెద్దల డోసు మూడో గడిలో ఉంటుంది. అందుకే, ఏ గడి ఎవరిదో చెప్పే హెడ్డింగును రెండో కార్డు మీద కూడా మళ్లీ వెయ్యమని చీటీ. ఆ చీటీని ఊడ్చేసింది ఆమే. ఇప్పుడు అలవాటు ప్రకారం మూడో గడి చూసే నర్సు, చంటిబిడ్డకు పెద్దవాళ్ల డోసు ఇస్తుంది.

"వదినా, ఆ కార్డు పీకెయ్. ఇప్పుడే. అంకెలు తలకిందులుగా ఉన్నాయి. నావల్ల ఎవరైనా పోతారు."

"పొద్దున్నే ఏం మాటలే అవి! సరే, అరవకు. మా వార్డులో తీస్తా. మిగతా మూడింట్లో నా మాట ఎవరు వింటారు? నువ్వే చెప్పు. పదింటికి మందులిచ్చేస్తారు, తొందరగా!"

మేనేజరు అంతా విని తలుపు వేశాడు. "కంగారుపడకు. ముందు మనం ఏం చెప్పాలో ఒక కాగితం మీద పెడదాం. క్లయింటు దగ్గర మాట తేడా రాకూడదు."

"సార్, పదింటికి మందిస్తారట."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. దానికీ భయంగానే ఉంది."

ఇక్కడ ఆమె ధైర్యాన్ని మెచ్చుకోవాలని కొందరికి చేతులు దురద పెడతాయి. ధైర్యం ఏమీ లేదు. పెద్ద భయం చిన్న భయాన్ని పక్కకు తోసింది, అంతే. ఆమె మేనేజరు బల్ల మీది ఫోనే లాక్కుంది.

రెండో వార్డులో ఎత్తిన మనిషి నోట్లో ఏదో నములుతోంది. "హెడ్డింగా? అవును, లేదు. ఏం పర్లేదు, చంటిపిల్లలకి మేమెప్పుడూ మూడో గడే చూస్తాం."

"అమ్మా, ఆ కార్డులో మూడో గడి పెద్దవాళ్లది!"

నమలడం ఆగిపోయింది.

మూడో వార్డువాళ్లు మారు మాట్లాడకుండా తీసేశారు. నాలుగో వార్డు ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. గోడ గడియారంలో పదికి పన్నెండు నిమిషాలు తక్కువ.

ఆమె పరిగెత్తింది. మొదటి వీధి మలుపులో చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. ఆసుపత్రి లిఫ్టు ముందు చక్రాల కుర్చీల బారు ఉంది. మెట్లెక్కింది. మూడు అంతస్తులు. ప్రతి మలుపులోనూ పైనుంచి ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. ఏమీ వినబడలేదు. దాంతో ఇంకా భయం వేసింది.

నాలుగో వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్క మంచంలో ఓ పాప, చెయ్యంత కూడా లేదు, తల్లి మోచేతి మీద నిద్రపోతోంది. నర్సు ట్రేలో మందు నింపిన సిరంజి పెట్టుకుని నిలబడి ఉంది. తలవైపు గోడకు హెడ్డింగు లేని కార్డు.

"ఎంత తీశారు?"

"పది. ఎవరమ్మా నువ్వు, చెప్పుల్లేకుండా?"

"అది పెద్దవాళ్ల డోసు. ఆ కార్డు చేసింది నేనే. ఇచ్చేశారా?"

నర్సు కార్డుకేసి, సిరంజికేసి, మళ్లీ కార్డుకేసి చూసింది. "ఎక్కువే అనిపించింది. కొత్త కార్డు కదా అనుకున్నా." గొంతు తగ్గించింది. "ఇంకా ఇవ్వలేదు. డాక్టరుగారు సంతకం పెట్టాలి. ఆయన ఎప్పుడు టైముకి ఏడిశాడు కనక!"

పాపను కాపాడింది ఆ బద్ధకమే. దాన్ని దేవుడి ఖాతాలో వెయ్యాలనుకునేవాళ్లు వేసుకోవచ్చు.

కార్డు వెనక బంక గట్టిది. గోళ్లతో పీకితే మూలలు చిరిగాయి. తల్లి లేచి, "ఏమైందమ్మా?" అంది. చీపురక్క గోడకు మిగిలిన ముక్కలు కూడా గీకి తీసేసింది.

మేనేజరు ఆసుపత్రికి రాసిన ఉత్తరంలో అది "సాంకేతిక లోపం" అయింది. ఆమె ఉద్యోగం ఊడలేదు. ఆ ప్రోగ్రాము ఇంకెవరికీ అర్థం కాదు మరి. ఇప్పుడది వ్యాఖ్యలను మాత్రమే తీసేస్తుంది, చీటీలను ఉన్నవున్నట్టు దాటిస్తుంది. లోపలికి వచ్చినన్ని బయటికి పోకపోతే ఎగుమతి ఆగిపోతుంది. అయినా ఆమె చీటీల జాబితా అచ్చు తీసి, పెన్సిలుతో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటుంది.

"అక్కా, మిషన్ ఎంచిందిగా, మళ్లీ నువ్వెందుకు?" అని నవ్వుతారు.

"మొన్న ఊడ్చింది కూడా మిషనే," అంటుంది, తలెత్తకుండా.

పాప వారానికి ఇంటికి వెళ్లిపోయిందట. వదిన చెప్పింది. అయినా వదిన ఫోన్ మోగితే చాలు, పెన్సిలు పక్కన పడేసి, "ఏమైంది వదినా?" అంటుంది చీపురక్క.

"ఏమీ కాలేదే తల్లీ. కూరేం చేశావో అడుగుదామని."

ఏ కూర చేసిందో ఆమెకు చప్పున గుర్తురాదు.