సగం మాత్ర

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. మండవల్లి తీసుకెళితే మా అత్తగారు దాని బుగ్గలు పుణికి, "ఒళ్ళు చేసిందమ్మా పిల్ల! ముందు దిష్టి తియ్యి," అన్నారు. బక్కపిల్ల నిండుగా కనిపిస్తే నాకూ సంతోషమే. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. పది రోజుల తరవాత, పొద్దున లేచేసరికి దాని రెప్పలు తెరుచుకోనంతగా ఉబ్బాయి.

మూత్రంలో ప్రొటీన్ పోతోందనీ, ఒంట్లో చేరింది నీరనీ ఏలూరు డాక్టరుగారు చెప్పారు. ప్రెడ్నిసొలోన్ రాశారు. ఒంట్లో సహజంగా ఊరే హార్మోను లాంటిదేనట. "స్టెరాయిడ్ అండి. తగ్గిస్తే నేనే తగ్గించాలి. మీరు ముట్టుకోకండి," అన్నారు. రోజూ గాజు గొట్టంలో మూత్రం వేడి చేసి, తెల్లగా విరుగుతుందేమో చూడమన్నారు; విరిగితే ప్రొటీన్ పోతున్నట్టేనట.

నీరు దిగింది. కొన్నాళ్లకి ముఖం మళ్లీ గుండ్రమైంది. ఈసారి మందు వల్ల. గొట్టంలో తేటగానే ఉండేది, అయినా ఆ బుగ్గలు చూస్తే మళ్లీ నీరేమో అనిపించేది. అన్నం తిన్న గంటకే మళ్లీ కంచం పట్టుకొచ్చేది. తాడేపల్లిగూడెం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది.

"స్టెరాయిడా! పసిదానికా? ఎముకలు గుల్లైపోతాయంట. ఇక ఎదగదంట. చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దూ?"

మర్నాటి నుంచి మాత్ర సగానికి విరిచాను. ఎవరికీ చెప్పలేదు. మిగతా సగం సింకులో వేసి నీళ్లు వదిలేదాన్ని. తొమ్మిదో రోజు గొట్టంలో తెల్లగా తెట్టు కట్టింది.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా అండి?" అని అడిగారు డాక్టరుగారు.

"ఒక్కరోజూ మానలేదండి. ఈవిడ అలారం పెట్టుకుని మరీ వేస్తుంది," అన్నారు మా ఆయన.

"సగమే వేస్తున్నానండి," అన్నాను.

డాక్టరుగారు కేకలేసినా బాగుండేది. పూర్తిగా వేసినా ఒక్కోసారి తిరగబెడుతుందనీ, దీనివల్లే అని చెప్పలేమనీ అన్నారు. మళ్లీ మొదటి మోతాదు నుంచి రాశారు. దీనివల్లే అని చెప్పలేమన్న మాటతో నన్ను నేను సముదాయించుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

బస్సులో మా ఆయన పిల్లని తన ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నారు. మా ఊరు దెందులూరులో దిగాక, "మండవల్లిలో అమ్మకి చెప్పకు," అన్నారు. అంతే.

ఇప్పుడు మాత్ర ఆయనే వేస్తున్నారు.

"అమ్మ వేస్తేనే మింగుతా," అని పిల్ల పేచీ పెడుతుంది.

"అమ్మ ఇక్కడే ఉందిగా తల్లీ, నోరు తెరు," అంటారు ఆయన, నా వైపు చూడకుండా.

నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడతాను.