మళ్లీ నడిపితే పచ్చ

రాయ్‌పూర్‌లో మా ఆఫీసు ఫ్యాక్టరీలకు గ్యాస్ అలారం ప్రోగ్రాములు రాసేది. వాటిని పరీక్షించడం నా పని. తప్పితే స్క్రీన్ మీద ఎర్ర గీత, నెగ్గితే పచ్చ గీత. ఎర్ర గీత పడితే మా మేనేజర్ మాట ఒక్కటే: "ఏక్ బార్ ఫిర్ చలా దో." మరోసారి నడిపితే పచ్చ. ఇక ఆయనతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

కంప్యూటర్ని నడిపే లినక్స్ కొత్తదైన మెషీన్ల మీద అలా మాయమయ్యే ఎరుపు ఎన్నడూ రాలేదు. పాత వెర్షన్ మీదే, అదీ ఎప్పుడో ఒకసారి. ఊరి శివార్లలో, ఉర్లాలో మా చిన్నాన్న పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీలో మా అలారానికి ఉన్నది ఆ పాతదే. శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం మాది. నాన్న పోయాక నన్ను చదివించింది చిన్నాన్నే. అందుకే ఆ గీత నాకు కంట్లో నలుసైంది.

విశ్వకర్మ పూజనాడు ఇక్కడ మెషీన్లన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెడతారు. మా కంప్యూటర్లకూ అంతే. మర్నాడు పొద్దున్నే పాతదాన్ని ఆన్ చేసి పరీక్ష నడిపాను. స్క్రీన్ మూలన గడియారం మధ్యాహ్నం చూపిస్తోంది. అంతలో నెట్ నుంచి సరైన టైమ్ అందుకుని వెనక్కి వచ్చింది. వెంటనే ఎర్ర గీత.

అప్పుడు అర్థమైంది. కరెంటు పూర్తిగా తీసి పెట్టినప్పుడల్లా పాత వెర్షన్ మన టైమును గ్రీన్‌విచ్ టైమనుకుని ఐదున్నర గంటలు కలుపుతోంది. గడియారం వెనక్కి రాగానే, ఆ ఐదున్నర గంటలూ గడిచేదాకా మా ప్రోగ్రామ్ వచ్చే రీడింగులన్నీ పాతవనుకుని వదిలేస్తుంది, గ్యాస్ లీకైనా నోరు మెదపదు. మళ్లీ నడిపితే ప్రోగ్రామ్ సర్దుకున్న గడియారంతో కొత్తగా మొదలవుతుంది కాబట్టి పచ్చ. తప్పును ఇన్నాళ్లూ దాచింది మా మళ్లీ నడిపే అలవాటే.

ఉర్లాలోనూ నిన్న పూజే. ఈ పొద్దున్నే అన్నీ ఆన్ చేసి ఉంటారు. చిన్నాన్నది మొదటి షిఫ్ట్, గ్యాస్ లైను దగ్గర. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మేనేజర్‌కి చేస్తే, "ఫిర్ సే చలాయా క్యా?" అన్నాడు. మళ్లీ నడిపావా అని! స్కూటీ మీద నేనే ఉర్లా వెళ్లేసరికి గేటు ముందు అంబులెన్స్ ఉంది. గ్యాస్ లీకైందట, అలారం మోగలేదట. చిన్నాన్న అందులో ఉన్నాడు. ప్రాణం లేదు.

విచారణ రోజు అధికారుల ముందు అలారం నడిపి చూపించారు. మొదటిసారే గోలగా మోగింది. ఒక్కసారి కరెంటు తీసి మళ్లీ పెట్టి చూడమని బతిమాలాను. "బేటా, చల్ తో రహా హై నా," అన్నాడు మేనేజర్, నడుస్తూనే ఉందిగా అని. అధికారులు తలూపి లేచారు.

చిన్నాన్న భార్య, మా పిన్ని, బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అడిగింది.

"ఆవేళ మోగంది ఇదేనేటమ్మా?"

"ఇదే పిన్నీ."

"ఇంత గట్టిగా మోగితే మీ చిన్నాన్నకి ఇనిపించేది గదా."

"వినిపించేదే పిన్నీ," అన్నాను.