సంతకాలు పుచ్చుకునే గాయని

మా అమ్మమ్మ ఊరూరా పేరున్న గాయని. కానీ అభిమానులకు సంతకం ఇచ్చేది కాదు, వాళ్ళ దగ్గరే పుచ్చుకునేది. కచేరీ అయ్యాక ఎవరైనా కాగితం, కలం పట్టుకొస్తే, ఆ కలం లాక్కుని సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసేది.

"నా సంతకం ఏం చేసుకుంటారు నాయనా, సొరుగులో పడేస్తారు. మీది నాకు పనికొస్తుంది. పేరు, చిరునామా, చేసే పని. పని కాస్త వివరంగా రాయండి."

ఒకాయన పళ్ళ డాక్టరు అని రాస్తే అక్కడికక్కడే నోరు తెరిచి దవడపన్ను చూపించింది. వెనక వరుసవాళ్ళు మళ్ళీ పాడబోతోందనుకుని చప్పట్లు కొట్టారు.

అలా ఏడు పుస్తకాలు నిండాయి. ఆ సంగతి తెలిసినట్టే మా ఇంట్లో వస్తువులూ పాడయ్యేవి. కుళాయి కారేది, గడియారం ఆగేది, కుర్చీ కాలు ఊగేది. నింద మాత్రం నాకు. పదో తరగతి మూడుసార్లు తప్పి కూర్చున్న మనవరాలుండగా ఇంకో దోషిని వెతికే ఓపిక ఎవరికుంటుంది?

"నువ్వే ఏదో కెలికి ఉంటావు" అంటూ అమ్మమ్మ పుస్తకం తిరగేసి, ఆ పని చేసే అభిమానికి ఫోను చేయించేది.

కుళాయిలాయన వస్తే ఎదురుగా స్టూలు వేసుకుని, "ఏం పాడమంటారు?" అనేది. వాషరు మార్చడానికి ఆయనకు మూడు గంటలు పట్టేది. ఒకసారి బిగించినదాన్ని మళ్ళీ విప్పుతుంటే పట్టుకున్నాను.

"బిగించేశారుగా?"

"ఆఖరి చరణం మిగిలిందమ్మా."

అమ్మకు తలకొట్టేసినట్టుండేది. "అభిమానులతో ఇంటి చాకిరీ చేయించుకునే గాయనివి నువ్వొక్కదానివేనమ్మా."

"కూలీ ఇస్తున్నాను, పైన పాట. నీకెందుకు నొప్పి?"

ఇన్ని పాడైనా అమ్మమ్మ హార్మోనియం జోలికి మాత్రం ఏ కష్టమూ రాలేదు. దాన్ని ముట్టుకునే ధైర్యం దుమ్ముకు కూడా లేదు. అలాంటిది ఒక ఉదయం దాని మెట్టొకటి మూగబోయింది.

"నేను కాదు అమ్మమ్మా."

"మరి బల్లి వాయించిందా?"

మూడో పుస్తకంలో హార్మోనియాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఫోను చేస్తే, రానన్నాడు. ఆరు నెలలుగా ఒక్క పెట్టె కూడా మరమ్మతుకు రాలేదట. మర్నాడే పనిముట్లు పాత ఇనపసామాన్ల కొట్టుకు ఇచ్చేస్తాడట.

అమ్మమ్మ ఫోను అందుకుంది. "శనివారం నా కచేరీ. పెట్టె పలక్కపోతే నేనూ మానేస్తాను. ఇద్దరం కలిసి ఆ కొట్టుకే పోదాం."

గంటలో వచ్చాడు. పైమూత తీసి, మెట్టు కింద వేలు పెట్టి, కొప్పుకు పెట్టుకునే నల్ల పిన్నొకటి బయటికి లాగాడు. నావైపు చూశాడు.

"నేను కాదండీ."

"తెలుసు. నీది క్రాఫు కదా."

పిన్ను నా చేతిలో పెట్టి, గొంతు పెంచాడు. "పెద్ద మరమ్మతేనమ్మా. తిత్తి కూడా విప్పాలి. రెండు రోజులు పడుతుంది."

"పట్టనివ్వండి. ఏం పాడమంటారు?" అంది అమ్మమ్మ, స్టూలు జరుపుకుంటూ.

శనివారం పెట్టె కొత్తదానిలా పలికింది. కచేరీ అయ్యాక కాగితాలతో జనం మూగితే, అమ్మమ్మ ఆయన్ని ముందుకు తోసింది.

"మీ ఇళ్ళలో మూలపడ్డ హార్మోనియాలుంటే ఈయన సంతకం తీసుకోండి. పేరు, చిరునామా, చేసే పని. పని వివరంగా రాయండి పెద్దాయనా."

ఆయన చెయ్యి నొప్పెట్టేదాకా రాశాడు.

మర్నాడు ఆ పుస్తకాలు నేను మొదటిసారి చదివాను. నేను చదవనని అమ్మమ్మకు గట్టి నమ్మకం, దాచనే లేదు. ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో రాతలు. కుళాయిలాయన పక్కన: "భార్య పోయింది. ఇంట్లోంచి కదలడు. నెలకోసారి." వడ్రంగి పక్కన: "నడుం నొప్పి. కుర్చీ కాలు చాలు, మంచం వద్దు."

"అమ్మమ్మా, ఇదుగో నీ పిన్ను."

ఏమాత్రం తడుముకోకుండా కొప్పులో గుచ్చుకుంది. గోడవైపు చూసి, "ఆ గడియారం చాలా రోజులుగా సరిగ్గా నడుస్తోందే" అంది.

నేను వెళ్ళి స్టూలు తెచ్చి గడియారం కింద వేశాను.

"ఎవరడిగినా నువ్వే కెలికావని చెబుతాను" అంది, నా భుజం పట్టుకుని ఎక్కుతూ.

"చెప్పు" అన్నాను.