ఎదురింటత్త తన్నిన తన్ను

ఆ రోజుల్లో ఈ లోకంలో నేను నమ్మింది నా రెండు కాళ్ళను మాత్రమే. తక్కినదాన్నంతా అనుమానించేదాన్ని. తప్పు నాది కాదు, మా ఇంటి రక్తంలోనే ఉండాది అది. మా నాయన మొగులు పట్టినా నమ్మడు, చినుకు చొక్కా మీద పడినా నమ్మడు. "ఇది పక్కూరి వాన, దావ తప్పి ఇట్లొచ్చినట్టుండాది" అంటాడు. (మా సీమలో వానను నమ్మి బాగుపడినోడు ఎవడన్నా ఉంటే చూపించండి, వాని కాళ్ళకు మొక్కుతా.) మా అవ్వ అంగట్లో తెచ్చిన ఉప్పును నాలిక మీద వేసుకొని, "ఉప్పేనా ఇది?" అని అడిగే మనిషి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి నన్ను పెంచింది వీళ్ళిద్దరే. నేను ఇంకెట్ల తయారైతానో మీరే చెప్పండి. ఊర్లో నా పేరు అనుమానప్పక్షి.

గార్లదిన్నె పక్కన మాదొక చిన్నూరు. చెనక్కాయ వేసేది, వాన కోసం మెడలు ఎత్తేది, మెడలు నొప్పి పుట్టినాక దించేది. ఇదే మా వ్యవసాయం. నాకా మట్టిలో బతకాలని లేదు. పోలీసు కానిస్టేబుల్ కావాలని ఒకటే పిచ్చి. (అనుమానపడేదానికి దుడ్లిచ్చే ఉద్యోగం అదొక్కటే కదప్పా!) మొదటి పరీక్ష ఎట్లో గట్టెక్కినా. ఇంక అనంతపురంలో పరుగు పందెం ఉండింది. అది తప్పితే మళ్ళా ఎప్పుడు పిలుస్తారో దేవునికే ఎరుక, అంతవరకు చెనక్కాయ ఒలుచుకుంటా కూర్చోవాల్సిందే. మా ఎదురింటత్త కూతురు కూడా అదే పరీక్ష పాసయింది. దాన్ని ఊరంతా బక్కది అంటారు. రోజూ తెల్లారుజామున ఇద్దరమూ తారురోడ్డు మీద పరుగెత్తేవాళ్ళం. నేను ముందు, అది ఎనక. అది ఎప్పుడూ ఎనకే. అందుకే దానికీ వాళ్ళమ్మకూ నా మీద కుళ్ళు ఉండాదని నా గట్టి అనుమానం.

పందెం ఇంక పక్షం దినాల్లోకి వచ్చింది. ఆ పొద్దు బక్కదానికి జలుబు చేసిందని నేను ఒక్కదాన్నే పరుగెత్తుతాండా. మూడుదావలు కలిసే చోట, సరిగ్గా నా కాలి ముందర, ఎర్రనీళ్ళు, కోసిన నిమ్మకాయ, ఎండు మిరపకాయలు! ఎవరో దిష్టి తీసి పోసినారు. తొక్కితినా, వాళ్ళ పీడంతా నాకు అంటుకుంటాది. ఎగిరి దూకి అవతల గులకరాళ్ళలో పడినా. తొక్కలేదు కదా అని దేవునికి దండం పెట్టుకొని, మిగతా దావంతా పరుగెత్తే ఇల్లు చేరినా. సాయంత్రానికి ఎడమ చీలమండ బయటిపక్క సలుపు మొదలైంది. తెల్లారి చూస్తే వాపు.

కాలు నొప్పి అంటే వేరే ఊర్లలో "ఎక్కడ పడ్డావు?" అని అడుగుతారంట. మా ఊర్లో అడిగేది, "ఏమి తొక్కినావు?" అని. మా అవ్వ కూడా అదే అడిగింది. "తొక్కలేదవ్వా, దూకి దాటినా" అన్నా. "దాటితే తొక్కినట్టే. ఎవరిది పాపా అది?" అంది. అప్పుడే ఎదురింటత్త వాకిట్లో ముగ్గేస్తాండాది. ఆమె వేళ్ళు చూసినా. ఎర్రగా ఉండాయి! పసుపూ సున్నమూ కలిపినోళ్ళ వేళ్ళకే అంటుకునే ఎరుపు అది. నాకింక సాక్ష్యం ఎందుకు? కేసు అక్కడికక్కడే తేల్చేసినా.

ఆ దినం నుంచి నేను నొప్పితో ఒకపక్క, అనుమానాలతో ఒకపక్క కుంటినా. ఫోన్లో చూస్తే అది నాకన్నా పెద్ద అనుమానప్పక్షి! బెణుకు కావచ్చు, ఎముక పగులు కావచ్చు, కీళ్ళవాతం కావచ్చు, రక్తంలో యూరిక్ యాసిడ్ కావచ్చు, కీలులో చీము కావచ్చు అని వరసగా చెప్పుకుంటా పోయింది. చదివినకొద్దీ ఆ రోగాలన్నీ నా ఒక్క కాల్లోనే ఉండాయనిపించింది. నాయన అనుమానం నా బూట్ల మీద. "ఆ అంగడోడు ఒక కాలికి కొత్తది, ఇంకో కాలికి పాతది ఇచ్చినాడేమో చూడు" అని రెండిటినీ ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూసినాడు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. దగ్గు తెప్పించే మిరపకాయల కోరు రాకపోయేసరికి, "గట్టి దిష్టే ఇది" అని ముక్కు మీద వేలేసుకుంది. (కోరొచ్చింటే కూడా అదే మాట అనేది, నాకు తెలుసు.) నేను మాత్రం పొద్దునపూట కుంటుకుంటా అయినా పరుగు మానలేదు. మానితే ఎదురింటోళ్ళు గెలిచినట్టే కదా!

ఈ మధ్యలో ఎదురింటత్త ఒక గిన్నెలో ఊరిబిండి పచ్చడి, రెండు జొన్నరొట్టెలు తెచ్చిచ్చింది. "తిను పాపా, చిక్కిపోయినావు" అంది. అంత ప్రేమ ఎందుకో? ఆమె అట్ల పోతానే ముందు కొంచెం మా కోడికి పెట్టి, మధ్యాన్నం దాకా దాని ఎనకెనకే కుంటుకుంటా తిరిగినా. కోడి బంగారంగా తిని, కులాసాగా పోయి ఎదురింటోళ్ళ గంపలో గుడ్డు పెట్టింది. అది కూడా వాళ్ళ పక్షమే అని అప్పుడే అర్థమైంది.

వాపు తగ్గలేదు. అప్పుడు అవ్వ చివరి మందు బయటికి తీసింది. "ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళతో తన్నించుకోవాల, దెబ్బకు పోతాది" అంది. మీకు తెలియంది కాదు, తల ముందు రాకుండా కాళ్ళు ముందొచ్చి పుట్టినోళ్ళు తంతే నడుంపట్లూ బెణుకులూ పోతాయని మా పక్క గట్టి నమ్మకం. నాకూ కొంచెం ఆశ పుట్టింది. "మనూర్లో ఎవరుండారవ్వా అట్లాంటోళ్ళు?" అని అడిగినా. అవ్వ గడ్డం ఎత్తి వీధి అవతలికి చూపించింది. ఎదురింటత్త!

నా అవస్థ ఆలోచించండి. తన్నించుకోకపోతే పందెం పోతాది. తన్నించుకుంటే కాలు శత్రువు చేతికి, కాదు కాదు, శత్రువు కాలికి ఇచ్చినట్టయితాది. రాత్రంతా అటూ ఇటూ పొర్లి, తెల్లారి అవ్వతో "సరే, అడుగు" అన్నా. అత్త గబుక్కున ఒప్పుకుంది. "అయ్యో, ఇంతసేపా అడిగేదానికి! నా కాలు నీది కాదా?" అంది. ఎందుకంత సంతోషం?

ఆకూ వక్కా తట్టలో పెట్టి ఇచ్చినాం, అది ఆచారం. నన్ను గడపలో కూర్చోబెట్టి కాలు బయటికి చాపమన్నారు. అత్త తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని, చీర కుచ్చిళ్ళు దోపుకొని, కాలు ఎత్తింది. నేను కండ్లు మూసుకుంటే ఏమన్నా మోసం చేస్తాదేమో అని తెరిచే ఉంచుకున్నా. మొదటిది తాకీ తాకనట్టు. రెండోదీ అంతే. మూడోదానికి మా అవ్వ, "గట్టిగా తన్నవే, పీడ దిగల్ల!" అని అరిచింది. అత్త పెద్దల మాట జవదాటే మనిషి కాదు. "వామ్మో!" అని నేను పెట్టిన కేకకు వీధిలో కుక్కలు లేచి పరుగెత్తినాయి. గడియలో చీలమండ వంకాయంత అయింది, రంగు కూడా వంకాయదే. కాలు నేల మీద మోపితే ప్రాణం పోయినట్టయింది. "చూసినారా! నేను ముందే చెప్పలేదా!" అని ఏడుస్తానే అరిచినా. (ముందు చెప్పలేదు, మనసులో అనుకున్నానంతే.) అత్త మొగం పాలిపోయింది.

నాయన విత్తనాల కోసం కళ్యాణదుర్గం పోయినాడు. అవ్వకు కండ్లు ఆనవు. ఇంక నన్ను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టుకొని అనంతపురం పట్టుకుపోయింది ఎవరనుకున్నారు? తన్నిన మనిషే. దావంతా నా కాలు ఆమె ఒళ్ళో పెట్టుకొని ఉండింది. నేను మాత్రం ఆటో సరైన దావలోనే పోతాందా లేదా అని కిలోమీటరు రాళ్ళు చదువుకుంటా పోయినా.

ఎముకల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ కాలు చూసి, "ఎట్లయిందమ్మా?" అని అడిగింది. అత్త నోరు తెరిచేలోపల నేనే, "ఈమె తన్నింది మేడమ్" అన్నా. డాక్టరమ్మ చేయి ఆగిపోయింది. నన్ను చూసింది, అత్తను చూసింది. "నువ్వు బయట కూర్చోమ్మా" అని అత్తను పంపి, తలుపేసి, గొంతు తగ్గించి అడిగింది.

"భయపడొద్దు పాపా, నిజం చెప్పు. ఎన్నాళ్ళ నుంచి కొడతాంది నిన్ను?"

"కొట్టలేదు మేడమ్, తన్నింది. మేమే పిలిచి తన్నించుకున్నాము."

"పిలిచా?"

"ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది మేడమ్."

"ఇట్ల చెప్పమని ఆమే నేర్పించిందా నీకు?"

"లేదు మేడమ్, ఆకూ వక్కా కూడా ఇచ్చినాము!"

నేను నిజం చెప్పేకొద్దీ డాక్టరమ్మకు అనుమానం ముదురుతాండాది. పుట్టినప్పటి నుంచి నేను ఊరందరినీ చూసిన చూపు అది, ఎదురుగా వచ్చి నా మీద పడితే ఎట్లుంటాదో అప్పుడు తెలిసింది. ఆమె ఫోన్ చేతికి తీసుకొని, "పోలీసులకు చెప్తా, వాళ్ళే చూసుకుంటారు" అంది. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. పోలీసు కావాలనుకున్న పిల్ల మొదట పోలీసులకు పట్టించేది అన్నం పెట్టిన మనిషినా? "వద్దు మేడమ్! ఆమె మంచిది. మా ఊర్లో అంత మంచి మనిషి లేదు. నేను చిక్కిపోయినానని రొట్టెలు చేసి తెచ్చింది మేడమ్. ఆటోలో నా కాలు కిందపెట్టనీలేదు" అని గబగబా చెప్పేసినా. నోరు నాదే, మాటలు ఎవరివో అనిపించింది. డాక్టరమ్మ ఫోన్ పక్కన పెట్టి, "మరి అంత మంచిదాన్ని, వచ్చినప్పటి నుంచి నువ్వెందుకమ్మా దొంగను చూసినట్టు చూస్తాండావు?" అంది.

ఎక్స్‌రే తీసినారు. ఎముకకు ఏమీ కాలేదు. డాక్టరమ్మ అత్తను లోపలికి పిలిచి, నొప్పి మొదలైన రోజు నేనేం చేసినానో మొదటి నుంచి చెప్పించుకుంది. నిమ్మకాయ దాటిన సంగతి రాగానే చేయెత్తి ఆపింది. "దూకి యాడ పడినావు? గులకరాళ్ళలోనా? పాదం లోపలికి మడుచుకోలేదా?" మడుచుకుంది. కలుక్కుమనింది కూడా. దిష్టి తప్పిన సంతోషంలో దాన్నెవరు పట్టించుకున్నారు? "ఎముకలను కట్టిపెట్టే లిగమెంటు సాగింది. దాని మీదనే దినమూ పరుగెత్తినావు, అది చాలదని తన్నించుకున్నావు" అని కట్టు కట్టింది. "చీలమండ నొప్పికి సవాలక్ష కారణాలుంటాయి. కాలు మోపలేకపోయినా, వంకర తిరిగినా, వేళ్ళు తిమ్మిరి పట్టినా, ఎర్రగా వేడెక్కి జ్వరమొచ్చినా ఆ దినమే రావాల. ఊరికే వాపయితే విశ్రాంతి ఇచ్చి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, కాలు ఎత్తులో పెట్టుకోవాల. కొన్ని దినాలకు కూడా తగ్గకపోతే రావాల. నిమ్మకాయ తొక్కితే మాత్రం రాదమ్మా ఈ నొప్పి" అంది. "దాటితే మేడమ్?" అని అడిగినా. "దాటితే వచ్చింది కదా నీకు!" అని, అంతసేపటికి నవ్వింది. పందెం సంగతి అడిగితే నవ్వు మానేసి, "ఈసారికి మరిచిపో" అంది.

తిరిగొచ్చేటప్పుడు కూడా ఆటోలో నా కాలు అత్త ఒళ్ళోనే ఉండింది. గార్లదిన్నె దాటినాక మెల్లగా అంది. "ఆ నిమ్మకాయ నాదే పాపా." నేను ఆమె వేళ్ళ పక్క చూసినా. "ఊరి కండ్లన్నీ మీ ఇద్దరి కాళ్ళ మీదనే ఉండాయి. బక్కదానికి దిష్టి తీస్తాంటే, తల్లిలేని పిల్ల, నీకెవరు తీస్తారు అనిపించింది. మీ అవ్వకు కండ్లు ఆనవు కదా. ఇద్దరి పేర్లూ చెప్పి ఒకేసారి తీసి పోసినా. తీసినట్టు చెప్తే పనిచేయదంటారని నీకు చెప్పలేదు. నీది నువ్వే దాటితివి కదే!"

నాకు ఏడుపొచ్చేసింది. "ఏమ్మే, నొప్పా?" అని అడిగింది. "ఆఁ, నొప్పే" అన్నా.

ఆ పందెంలో బక్కది ముందుకొచ్చి పాసయింది. నేను చెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చొని, మళ్ళా పిలిచినప్పుడు పరుగెత్తి, దాని ఎనక ఉద్యోగంలో చేరినా. (ఇప్పుడు అది ముందు, నేను ఎనక. దినమూ గుర్తుచేస్తాది.) ఊర్లో వాళ్ళు ఇప్పటికీ నా చెవిలో అంటారు, "కూతురు గెలవాలని కావాలనే తన్నిందమ్మే ఆయమ్మ" అని. నేను వాళ్ళ మీద ఇంతెత్తున లేస్తా. అనుమానప్పక్షికి ఇంత కోపమేంటికని వాళ్ళకు అర్థం కాదు. అయినా ఎప్పుడన్నా మొగులు పట్టి ఎడమ చీలమండ చిన్నగా సలిపినప్పుడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, "అంత గట్టిగా తన్నల్నా?" అని ఒక్క క్షణం అనిపిస్తాది. అనిపిస్తానే నాకు నేనే నవ్వుకొని, గిన్నె ఎత్తుకొని ఊరిబిండి అడిగేదానికి ఎదురింటికి పోతా. ఇప్పుడు కోడికి ముందు పెట్టడం లేదు.