అక్క కందులు, అన్న పట్టా

మొన్న మా చిన్నల్లుడు కొత్త పికప్ బండి కొని, దాని వెనక డబ్బాకు కవరు వేయించడానికి వికారాబాదులో ఒక దుకాణానికి పోతూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయాడు. దుకాణం యజమాని ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ, చాపలా చుట్టుకునేది ఒకటి, మడతలు పడేది ఒకటి, రేకుతో చేసి తాళం పెట్టుకునేది ఒకటి, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు గడగడా చదువుతుంటే నేను ఉండబట్టలేక "గివన్ని ఎందుకయ్యా, మంచి పట్టా లేదా?" అని అడిగాను. అతను బిక్కమొహం వేశాడు. అల్లుడు నవ్వి, మామ టార్పాలిన్ అడుగుతున్నాడని సర్దిచెప్పాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేను ఇక ఆ దుకాణంలో నిలబడలేక బయటికొచ్చి బండిలో కూర్చున్నాను. ఎందుకో చెబుతాను, మన ఈడువాళ్ళకైతేనే అర్థమవుతుంది.

పికప్ బండ్లు మా దిక్కు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటి మీద కప్పే గుడ్డకు ఊరికో పేరుండేది. కొడంగల్ చుట్టుపక్కల మా ఊళ్ళలో అది పట్టా. తాండూరు మార్కెట్ యార్డులో హమాలీలు తాడపత్రి అనేవాళ్ళు, సరిహద్దు దాటి లోడు వేసుకుని వచ్చే కన్నడం వాళ్ళదీ అదే మాట. ఉర్దూ మాట్లాడే డ్రైవర్లు తిర్పాల్ అనేవాళ్ళు. ఆంధ్ర నుంచి సిమెంటు కోసం వచ్చే లారీలవాళ్ళు బరకం అంటే మొదట్లో మాకు నవ్వొచ్చేది, వాళ్ళకు మా పట్టా వింటే నవ్వొచ్చేది. మా అక్క ఈ పేర్లన్నీ పక్కనబెట్టి పరదా అనేది. ఏ పేరుతో అడిగినా సరే, వానొచ్చేటప్పుడు గింజల లోడుకు పట్టా అడిగితే ఉన్నవాడు లేదనకూడదు. అది రాసిపెట్టుకున్న కట్టుబాటు కాదు, బండి నడిపేవాడి నీతి.

నాకూ, మా పెద్దనాన్న కొడుక్కూ చెరొక బండి ఉండేది. సొంత అన్న లేని నాకు ఆయనే అన్న, స్టీరింగు పట్టడం నేర్పింది కూడా ఆయనే. మా ఇద్దరికీ కలిపి ఒకటే పట్టా, మందపు గుడ్డతో తాండూరులో దగ్గరుండి కుట్టించుకున్నాం. ఒకరికి గింజల లోడు దొరికిన రోజున రెండోవాడు బండలు వేసుకుని పోవాలి. తాండూరు బండకు వాన తగిలితే ఏమవుతుంది, ఇంకింత నిగనిగలాడుతుంది. కాబట్టి గింజలున్నవాడికి పట్టా, బండలున్నవాడికి ఆకాశం. అలా ఎన్నో ఏళ్ళు మాట పట్టింపన్నది లేకుండా గడిపాం. అన్నదమ్ములంటే వీళ్ళురా అని యార్డులో అనుకుంటుంటే నాకు ఛాతీ వెడల్పయ్యేది.

ఆ యేడు మా అక్కకు కందులు బాగా పండాయి. బావ మంచాన పడి ఉన్నాడు, ఆ కందులే వాళ్ళకు యేడాది కూడూ గుడ్డా. యార్డుకు తీసుకుపోవడానికి నేను ముందురోజు పోయి పట్టా అడిగితే, అన్న నా మొహం చూడకుండానే చెప్పాడు.

"పట్టా చినిగింది తమ్మీ, కుట్టనీకిచ్చిన. రేపు నేను బండలేస్కోని పోతున్న, నాకు గూడ లేదు."

నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? తెల్లవారి అక్క ఇంటికి పోయి, పట్టా కుట్టడానికిచ్చారట అని చెబితే, అక్క తన పాత చీరలూ ఎరువు సంచులూ తెచ్చి బస్తాల మీద కప్పి తాళ్ళతో కట్టించింది. మబ్బు ఉంది గానీ పుష్యమాసంలో వానేంటిలే అనుకున్నాం. సగం దారి దాటానో లేదో, కాలం గాని వాన కుండపోతగా కొట్టింది. ఆగుదామంటే రోడ్డు పక్కన ఒక పాక కూడా లేదు. యార్డుకు చేరేసరికి బస్తాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వ్యాపారి ఒక బస్తాలో చెయ్యిపెట్టి, పిడికెడు తీసి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

నేను తల పట్టుకుని నిలబడ్డ ఆ ఘడియలోనే యార్డు గేటులోంచి అన్న బండి వచ్చింది. దాని మీద మా పట్టా! చిరుగు లేదు, కుట్టు లేదు. దాని కింద అక్క ఊరి పటేలు కందులు, ఒక్క గింజ తడవలేదు. నేను పరుగెత్తుకుపోయి తలుపు పట్టుకున్నాను. ఆయన కిందికి కూడా దిగలేదు.

"ఈ యేడంత లోడ్లన్ని నాకే ఇస్తనన్నడురా పటేలు. నువ్వే జెప్పు, నేనేం జేయాలె?"

ఛీ, ఆ పూట నేను ఆయన్ని కొట్టి ఉన్నా బాగుండేది. చేతులు రాలేదు. నేను ఊరికి చేరేలోపే ఆయన అందరికీ ఇంకో మాట చెప్పేశాడు. పట్టా ఇస్తానంటే తమ్ముడే వద్దన్నాడట, మబ్బును చూసి పరాచికాలాడాడట. నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా అక్క వినలేదు.

"నా గింజలంటే నీకు లెక్కలేకపాయె తమ్మీ" అని వాకిట్లో పదిమంది ముందర ఏడ్చింది.

కందులు ఆరబోస్తే నల్లబడి, బూజుపట్టి, సగం పశువుల దాణాకు పోయాయి. ఊళ్ళలో నా పేరు పట్టా మరిచినోడు. నా బండికి గింజలెవరూ ఎక్కించలేదు, చివరిదాకా బండలే మోశాను. ఆ వేసవిలోనే అక్క తన బిడ్డను అన్న కొడుక్కిచ్చి పెళ్ళి చేసింది. అల్లరి చేయడం ఇష్టంలేక నేను భోజనాల దగ్గర ఒక మూల కూర్చుని తిని వచ్చాను.

అన్న పోయి రెండేళ్ళయింది. పోయిన వానాకాలంలో అక్కను చూడబోతే, చాయ్ చేతికిచ్చి పక్కన కూర్చుని, ఏ ముందుమాటా లేకుండా చెప్పింది.

"నాకు అప్పుడే తెల్సు తమ్మీ. నువ్వు పోయిన జరసేపటికి పరదా కప్పుకోని ఆయన బండి నా ఇంటి ముందర్నుంచే పోయింది. బిడ్డ సంబంధం ఖాయమై ఉండె. నోరిప్పితే తప్పిపోతదని ఫికరైంది."

చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఎవరి బండికి వాళ్ళ కవరు, ఎవరి కవరుకు వాళ్ళ తాళం. ఒకర్నొకరు అడగడం లేదు, కాబట్టి లేదనే పాపమూ లేదు. అదే మేలనిపిస్తోంది. పట్టా ఇచ్చిపుచ్చుకున్న నాబోటివాడికి అలా అనిపించడమే నాకు బాధ. అక్క ఫోన్ చేసి, రావడంలేదేందిరా అని అడుగుతోంది. పోతాను, తోడబుట్టింది కదా, ఎన్నాళ్ళుంటానో ఎన్నాళ్ళుంటుందో. కానీ అన్న నన్ను మోసం చేసింది ఒక్క పూట. అక్క మాత్రం ఇన్నేళ్ళూ నాకు అన్నం వడ్డిస్తూనే చేసింది.